ఎండబెట్టిన తులసి, పుదీనా ఆకులు నల్లబడి బూజు పట్టడం ఎందుకు?

ఆకు నలిగినా, నెమ్మదిగా ఆరినా నల్లబడుతుంది. తడి మిగిలితే బూజు పడుతుంది. పూత విచ్చకముందే, పొద్దున మంచు ఆరాక కోయండి. కడిగితే నీళ్లన్నీ ఆరేదాకా బట్టమీద పరచండి. కట్టకు ఐదారు రెమ్మలు చాలు, లావైతే నడిమధ్యే ముందు కుళ్లుతుంది. గాలాడే నీడలో పలచగా పరిస్తే ఇంకా మేలు. ఎండలో త్వరగా ఆరినా వాసన పోతుంది, మనకు కావలసింది ఆ వాసనే కదా!

ఆకు గలగలలాడగానే సీసాలో పోయకండి, కాడల్లో చెమ్మ దాగుంటుంది. కాడ వంగకుండా పుటుక్కున విరగాలి. మూత పెట్టిన మర్నాడు గాజుకు లోపల చెమ్మ కనిపిస్తే తీసి మళ్లీ ఆరబెట్టండి. బూజు పడితే మాత్రం మొత్తం పారేయాల్సిందే. కషాయం కాచినా బూజు విషాలన్నీ పోవు.