పోలీసు అధికారే తన ఇంట్లోవాళ్లను తుపాకీతో కాలిస్తే జనం అంతగా ఎందుకు అనుమానిస్తారు?

ఘటనా స్థలాన్ని కాపాడేదీ, సాక్షుల్ని అడిగేదీ, కేసు రాసేదీ ఆయనతో కలిసి డ్యూటీ చేసినవాళ్లే కాబట్టి. "గన్ శుభ్రం చేస్తుంటే పేలింది", "దొంగ అనుకున్నాను" అన్నది నిజమే కావచ్చు. మామూలు మనిషి అదే మాట చెబితే రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టి అడుగుతారు. ఈయన్ని అలా అడిగారా అన్నదే జనం ప్రశ్న, అది న్యాయమైనదే.

పైగా ఏ ఆధారాన్ని ఎలా చూస్తారో ఆయనకు బాగా తెలుసు. చేతుల మీది మందుగుండు రేణువులు కడిగితే పోతాయి. గాయం మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. గొట్టం ఆనించి కాలిస్తే గాయం అంచున మసి ఉంటుంది, ఒక్కోసారి చర్మం చీలుతుంది. కాస్త దూరం నుంచైతే కాలని రేణువులు చర్మంలో చిన్న చిన్న చుక్కల్లా గుచ్చుకుంటాయి. ఇంకా దూరమైతే ఆ చుక్కలూ ఉండవు. పెనుగులాటలో పేలిందన్నప్పుడు ఇవి ఆ మాటకు సరిపోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. భార్య అంతకుముందే భయపడి ఫిర్యాదు చేయాలనుకున్నా, వెళ్లాల్సింది భర్త శాఖవాళ్ల దగ్గరికే. అందుకే చాలాసార్లు రికార్డులో ఏమీ కనిపించదు. పాత గొడవల గురించి పొరుగువాళ్లను, బంధువులను తప్పకుండా అడగాలి.

దర్యాప్తు బయటివాళ్లకు ఇస్తే అనుమానం చాలావరకు తగ్గుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసుల మీద వచ్చే తీవ్రమైన కేసులకు 2018 నుంచి ఇండిపెండెంట్ ఆఫీస్ ఫర్ పోలీస్ కాండక్ట్ అనే స్వతంత్ర సంస్థ ఉంది. నిర్దోషి అయిన అధికారికి కూడా అలాంటి దర్యాప్తే అండ.