12,000 పౌండ్ల ట్రైలర్‌కి డీజిల్ పికప్‌లో 3.42 యాక్సిల్ చాలా, 4.10 ఉండాల్సిందేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదండీ: ట్రైలర్ 12,000 పౌండ్లు, కొలరాడో కొండల మీదుగా వెళ్ళాలి, 3.42 యాక్సిల్ ఉన్న ఆరు గేర్ల డీజిల్ ట్రక్ ఒకటి దొరికింది, 4.10 లేకపోతే ఘాట్ ఎక్కదని అందరూ భయపెడుతున్నారు, పైగా మీకు దానికి 35 అంగుళాల టైర్లు వెయ్యాలని ఉంది. నేను రామ్ 2500 పికప్ మీద దాదాపు అంతే బరువు లాగుతుంటా, 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్, 68ఆర్‌ఎఫ్‌ఈ అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 3.73 యాక్సిల్, కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

ముందుగా యాక్సిల్ నంబర్, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పేది, అదొక్కటే పట్టుకుని కూర్చోకండి. చక్రానికి చేరేది గేర్ రేషియోని యాక్సిల్ రేషియోతో గుణిస్తే వచ్చేది. 68ఆర్‌ఎఫ్‌ఈ ఫస్ట్ గేర్ 3.23, దాని వెనక 4.10 పెడితే 13.2 వస్తుంది. అదే జీఎం హెవీ డ్యూటీ డీజిల్ పికప్‌లలో వచ్చే పది గేర్ల ఆలిసన్ గేర్‌బాక్స్‌కి ఫస్ట్ గేరే 4.54, వెనక 3.42 ఉన్నా సరే 15.5 తేలుతుంది. ఫోర్డ్ పది గేర్లదైతే 4.615, 3.55 యాక్సిల్‌తో 16.4. అంటే జనం చిన్నచూపు చూసే 3.42 ఉన్న పది గేర్ల బండి, 4.10 ఉన్న ఆరు గేర్ల బండి కన్నా గట్టిగా కదుల్తుంది, ఇది చాలామంది చూడరు, పాత ఆరు గేర్ల రోజుల్లో విన్న మాటే ఇప్పటికీ చెప్తుంటారు.

ఇది కదలడం సంగతి, కొండ ఎక్కడం వేరే సంగతి. బ్రోచర్‌లో టార్క్ నంబర్ చూసి మురిసిపోతాం గానీ ఎత్తు మీద స్పీడ్ నిలబెట్టేది హార్స్‌పవర్. నా ఇంజిన్ 1,700 ఆర్‌పీఎం దగ్గర 850 పౌండ్-ఫీట్ టార్క్ ఇస్తుంది, హార్స్‌పవర్‌లోకి మార్చి చూస్తే అక్కడ 275 మాత్రమే, పూర్తి 370 కావాలంటే 2,800 దాకా తిప్పాలి. ఇప్పుడు ట్రక్, ట్రైలర్ కలిపి 20,000 పౌండ్లు అనుకోండి, 7 శాతం ఎత్తు మీద 55 మైళ్ళ స్పీడ్‌లో ఆ బరువుని పైకి లేపడానికే 205 హార్స్‌పవర్ పోతుంది, గాలి, టైర్లు, గేర్‌బాక్స్ తినేది దీనికి అదనం, ఎదురుగాలి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి 1,700 దగ్గర హాయిగా లాగేస్తుంది అనే మాట చదునైన రోడ్డు మీదే చెల్లుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. 33 అంగుళాల టైరు, అంటే మామూలుగా కంపెనీ ఇచ్చే 275/70ఆర్18 లెక్కన, 65 మైళ్ళ దగ్గర సిక్స్త్ గేర్‌లో 3.42 అయితే సుమారు 1,420 ఆర్‌పీఎం, 3.73 అయితే 1,550, 4.10 అయితే 1,700. ట్రైలర్ వెనకుంటే 1,420 తక్కువే, చిన్న ఫ్లైఓవర్ వచ్చినా సిక్స్త్ నుంచి ఫిఫ్త్‌కి, మళ్ళీ సిక్స్త్‌కి, అదే పనిగా మారుతూ ఉంటుంది, గేర్‌బాక్స్ వేడెక్కేదీ అక్కడే. కానీ 3.42 తో సిక్స్త్ పడకుండా ఆపేసి ఫిఫ్త్‌లో వెళ్తే 1,850 దగ్గర ఉంటుంది, లాగడానికి చాలా మంచి చోటు అది, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుందేమో, తాగనివ్వండి.

ఘాట్ మీద ఇంకో తమాషా ఉంది. 68ఆర్‌ఎఫ్‌ఈలో థర్డ్ 1.41, ఫోర్త్ 1.00, మధ్యలో పెద్ద గ్యాప్. సిల్వర్‌థార్న్ నుంచి ఐజెన్‌హోవర్ టన్నెల్‌కి ఐ-70 హైవే మీద ఎక్కేటప్పుడు, దాదాపు 8 మైళ్ళు, 7 శాతం దాకా ఎత్తు, పైన టన్నెల్ దగ్గర 11,000 అడుగులు దాటిపోతుంది, అక్కడ నా 3.73 తో 55 మీద ఫోర్త్‌లో ఉంటే 2,080 దగ్గర మూలుగుతుంది, థర్డ్ వేస్తే 2,930, పవర్ పీక్ దాటేసి అరుస్తుంది. అందుకే నేను 50కి దిగి థర్డ్‌లో 2,660 దగ్గర కుడి లేన్‌లో పోతా, కూలెంట్ ముల్లు అక్కడే కుదురుగా ఉంటుంది, వెనక సెమీలు, అంటే పెద్ద ట్రైలర్ లారీలు కూడా అంతే స్పీడ్‌లో వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అడ్డం కాదు. అదే చోట 3.42 ఉంటే థర్డ్‌లో 55 దగ్గర 2,680 వస్తుంది, అంటే మీ ఫ్రెండ్స్ భయపెట్టే ఆ యాక్సిలే ఆ స్పీడ్‌లో నా బండి కన్నా బాగా కుదురుతుంది! 4.10 కి థర్డ్‌లో 3,200 దాటుతుంది, అది పనికిరాదు, ఫోర్త్‌లో 2,280 తో సరిపెట్టుకోవాలి. యాక్సిల్ మారిస్తే ఇంజిన్‌కి కొత్తగా బలం రాదు, ఏ గేర్ ఏ స్పీడ్‌కి పడుతుందో అది జరుగుతుంది అంతే. పది గేర్ల వాటిలో ఈ గొడవ తక్కువ, ఫోర్డ్‌లో నాలుగు నుంచి ఏడు దాకా 1.77, 1.52, 1.28, 1.00 అని మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఏ స్పీడ్‌లో ఉన్నా 2,800 చుట్టుపక్కల ఏదో ఒక గేర్ దొరుకుతుంది.

మరి 4.10 ఎవరికి అంటే, అస్తమానం బరువు మీదే తిరిగేవాళ్ళకి, 15,000 దాటి లాగేవాళ్ళకి, ఎత్తు మీద ఆగి కదలాల్సిన పని రోజూ ఉండేవాళ్ళకి. ఇంకోటి, కంపెనీ ఇచ్చే టో రేటింగ్ యాక్సిల్‌ని బట్టి మారుతుంది, ఒకే మోడల్, ఒకే ఇంజిన్ అయినా సరే, కాబట్టి కొనేముందు ఆ సంవత్సరం టోయింగ్ చార్ట్‌లో మీ క్యాబ్, మీ యాక్సిల్ ఉన్న లైన్ చూసుకోండి. 3.42 తో ఇబ్బంది కనిపించేది క్యాంప్‌గ్రౌండ్‌లో ఎత్తు మీదకి ట్రైలర్ రివర్స్ చేసేటప్పుడు. కంకర నేల అయితే 4-లో, అంటే నాలుగు చక్రాలూ తిరిగే తక్కువ స్పీడ్ గేర్, వేసుకుంటే చీమలా పాకుతుంది, తారు రోడ్డు మీద మాత్రం 4-లో లో స్టీరింగ్ బాగా తిప్పకండి, చక్రాలకి శక్తి తీసుకెళ్ళే డ్రైవ్‌లైన్ బిగుసుకుంటుంది.

దిగేటప్పుడు కూడా గేరే ముఖ్యం. టన్నెల్ నుంచి సిల్వర్‌థార్న్ వైపు దిగేటప్పుడు రోడ్డు పక్కన రనవే ట్రక్ ర్యాంపులు, అంటే బ్రేకులు పట్టని లారీలు ఎక్కి ఆగే దారులు, కనిపిస్తాయి, ఊరికే కట్టలేదు వాటిని. ఎగ్జాస్ట్ బ్రేక్, అంటే ఇంజిన్ పొగని అడ్డుకుని బండి స్పీడ్ తగ్గించేది, ఆర్‌పీఎం ఉంటేనే పట్టుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎంలో పేరుకే బ్రేక్. నేను టన్నెల్ లోపలే టో/హాల్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ మోడ్) ఆన్‌లో ఉందో లేదో చూసుకుని 45కి తెచ్చి థర్డ్‌లో పెట్టేస్తా, 2,400 దగ్గర ఎగ్జాస్ట్ బ్రేక్ బరువంతా పట్టుకుంటుంది, కాలి బ్రేక్ అప్పుడప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేస్తే చాలు, అదే పనిగా తొక్కి పట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో పొట్టి యాక్సిల్, అంటే 4.10, నిజంగానే సుఖం.

టైర్ల మాట మర్చిపోలేదు. 33 నుంచి 35 కి వెళ్తే మీ 3.42 కాస్తా 3.22 లాగా పనిచేస్తుంది, సిక్స్త్ గేర్ ట్రైలర్‌తో ఉత్త అలంకారమే, బరువైన టైరు తిప్పడం, ఆపడం కూడా కష్టమవుతుంది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, దాన్ని మళ్ళీ సెట్ చేయించాలి. నన్నడిగితే 3.42 బండి తీసుకోండి, టైర్లు మాత్రం ఉన్నవే ఉంచండి. డబ్బు కట్టేముందు డ్రైవర్ డోర్ దగ్గరుండే పేలోడ్ (ట్రక్ తన మీద మోయగల బరువు) స్టిక్కర్ ఫోటో తీసుకోండి, 12,000 పౌండ్ల బంపర్-పుల్, అంటే బండి వెనక హిచ్‌కి తగిలించే ట్రైలర్‌కి హిచ్ మీద పడే బరువే 10 నుంచి 15 శాతం, అంటే 1,200 నుంచి 1,800 దాకా, దానికి మీ కుటుంబం, సామాను కలిపితే డీజిల్ 2500ల్లో ముందు అయిపోయేది ఆ పేలోడే, గేర్ల దాకా వెళ్ళే అవసరమే రాదు.