చిట్టెలుక పల్టీలు తగ్గాలంటే బోనులో ఏముండాలి?

ప్రశ్న: ఎం.ఫార్మ్ ప్రాజెక్టు కోసం ఆటిజం నమూనా చిట్టెలుకలతో (ఆటిజం లాంటి ప్రవర్తన చూపే, పరిశోధనకు వాడేవి) పనిచేస్తున్నాను. బోనులో బొమ్మలు, గొట్టాలు పెడితే అదేపనిగా ఒళ్లు నాక్కోవడం, ఎగరడం తగ్గుతాయని చదివాను. పెద్ద చిట్టెలుకల బోనులో నెల రోజులు పెట్టి చూశాను, తేడా లేదు. ఎందుకు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. మొదలుపెట్టింది ఆలస్యంగా. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్క్ లూయిస్ బృందం డీర్ మైస్ అనే చిట్టెలుకలపై ఏళ్ల తరబడి పనిచేసింది. మామూలు బోనులో పెరిగితే ఇవి నిట్టనిలువునా ఎగురుతాయి, వెనక్కి పల్టీలు కొడతాయి. తల్లి నుంచి వేరుచేసే 21వ రోజునే పెద్ద, అంతస్తుల బోనులోకి మార్చి 60 రోజులు ఉంచితే చాలావాటిలో ఆ అలవాటు ముదరలేదు. పెద్దయ్యాక మారిస్తే గుణం తక్కువ.

రెండోది, పెట్టిన వస్తువుల్ని నెలంతా అలాగే వదిలేయడం. వారానికోసారి మార్చండి. గిన్నెలో మేత ఉన్నా ఊకలో కొన్ని గింజలు చల్లండి, వెతుక్కుని తింటాయి. గూటికి టిష్యూ కాగితం, దూరడానికి పీవీసీ గొట్టం ముక్కలు, ఎక్కడానికి నిచ్చెన చాలు. పోగులు తేలే దూది వద్దు, కాళ్లకు చుట్టుకుంటుంది. పరుగుచక్రం ఒక్కటి పెట్టి సరిపెట్టుకోకండి, డీర్ మైస్‌లో అదొక్కటే పల్టీలను తగ్గించలేదు. వేర్వేరు కాన్పుల మగవాటిని పెద్దయ్యాక కలిపితే కొట్టుకుంటాయి. అప్పుడు మీరు కొలిచేది గాయాల ప్రభావాన్నే.

కొలత దగ్గర కూడా తప్పులు జరుగుతాయి. ఇవి రాత్రి జీవులు. పగలు పదకొండింటికి ఎగురుళ్లు లెక్కిస్తే రెండు గుంపులూ (బొమ్మల బోనువీ, మామూలు బోనువీ) నిద్రలోనే ఉంటాయి, ఇక తేడా ఎక్కడిది? రెండు గుంపుల్నీ ఒకేలాంటి ఖాళీ పెట్టెలో, చీకటి వేళ చూడండి. నాక్కోవడానికైతే 10 నిమిషాలు అలవాటుపడనిచ్చి, తర్వాతి 10 నిమిషాలు స్టాప్‌వాచ్‌తో కొలవాలి. ఏది ఏ గుంపుదో కొలిచేవారికి తెలియకూడదు. ఒకే కాన్పులోని ఆరు పిల్లల్ని ఆరు విడి లెక్కలుగా వేయకండి. గర్భంతో ఉన్న తల్లికి వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు ఇచ్చి, పిల్లల్లో ఆటిజం లాంటి లక్షణాలు తెప్పించే నమూనాలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మందు పడింది తల్లికి.

సగటుతోనూ ఆగిపోవద్దు. మంచి బోనులో పెరిగినా కొన్ని పల్టీలు మానవు. లూయిస్ బృందం మెదళ్లు పరీక్షిస్తే, పల్టీలు తగ్గినవాటిలోనే కదలికల్ని నడిపే మెదడు భాగాలైన మోటార్ కార్టెక్స్, స్ట్రయాటంలలో డెండ్రైట్ ముళ్లు (నాడీకణాల కొమ్మలపై ఇతర కణాలతో కలిసే చిన్న మొనలు) ఒత్తుగా కనిపించాయి. బోను ఒకటే అయినా మానని వాటిలో ఆ మార్పు రాలేదు. అందుకే ఒక్కోదాని అంకె విడిగా గ్రాఫ్‌లో చూపండి.

ప్రశ్న: మా బాబుకి ఆటిజం. చేతులు ఆడిస్తూ ఉంటాడు. ఇంటినిండా బొమ్మలు పెడితే మానతాడా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అలా అనుకోవడానికి ఆధారం లేదమ్మా. చిట్టెలుక పల్టీకి బోసి బోనే పెద్ద కారణం. మీ ఇల్లు బోసి బోను కాదు, బాబు ఆటిజానికి ఇల్లు కారణమూ కాదు. పిల్లలపై చిన్న ప్రయోగం ఒకటుంది. కాలిఫోర్నియాలోని ఇర్విన్‌లో వూ, లియోన్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించారు. 3 నుంచి 12 ఏళ్ల 28 మంది అబ్బాయిలు. కొందరికి మామూలు థెరపీతో పాటు ఇంట్లో రోజూ వాసన, స్పర్శ కలిపిన వ్యాయామాలు 6 నెలలు చేయించారు. ఆటిజం తీవ్రత స్కోరు చెప్పుకోదగ్గంత మెరుగైనవారు ఆ గుంపులో 42 శాతం, థెరపీ మాత్రమే తీసుకున్న గుంపులో 7 శాతం. ఆశ కలిగించే ఫలితమే, కానీ 28 మందితో తేల్చేయలేం. అందులోనూ జరిగింది పద్ధతిగా చేయించిన సాధన, బొమ్మలు గుమ్మరించడం కాదు. చేతులు ఆడించడం వల్ల ఎవరికీ దెబ్బ తగలకపోతే ఆపనక్కర్లేదు. తల కొట్టుకోవడం, చేయి కొరుక్కోవడం ఉంటే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే వైద్యులకి) చూపించండి.