శిక్షణలో చేరుతున్న మా అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అయిన మా అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు సాయంత్రాలు మూడు నెలల కంప్యూటర్ శిక్షణలో చేరుతున్నావనీ, అది ముగిశాక పుత్తూరులో నువ్వు పని చేస్తున్న గ్రంథాలయంలోనే వారానికి రెండు రోజులు పాఠకులకు ఆన్‌లైన్ దరఖాస్తుల్లో సాయం చేయాలని అనుకుంటున్నావనీ చెప్పాడు. ఆ మాట వినగానే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను. తరువాత మాత్రం తెల్లవారేదాకా నాకే నిద్ర పట్టలేదు. ఇంత పెద్ద ఆలోచన చేసి, 31 ఏళ్లు ఇదే గ్రంథాలయ ఉద్యోగం చేసిన పెదనాన్నకు ఒక్క మాట నువ్వే చెప్పి ఉండవచ్చు కదా అన్న కోపం కొంత ఉంది. అంతకు మించి ఒక పాత భయం మళ్లీ లేచి కూర్చుంది. అందుకే ఈ ఉత్తరం.

ఫైళ్లు దాచడం, ప్రింటు తీయడం, స్కాన్ చేయడం వంటివి శిక్షణలో వాళ్లే నేర్పుతారు కనుక నేను రాయను. గ్రంథాలయ నిర్వహణకు కోహా అనే సాఫ్ట్‌వేర్ నేర్పుతారో, ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ నేర్పుతారో నాకు తెలియదు. ఏది నేర్పినా శ్రద్ధగా నేర్చుకో. కోహా 1999లో న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ అవసరం కోసం పుట్టి, ఈనాడు ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్. మన వంటి చిన్న గ్రంథాలయాలకు ఇవి అందనివేమీ కావు.

కేటలాగు విషయంలో మాత్రం రెండు మాటలు వివరంగా చెప్పాలి. 2004లో నేను మా గ్రంథాలయ పుస్తకాల జాబితాను ఊళ్లోని డీటీపీ సెంటరులో టైపు చేయించాను. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఒక్కొక్కటీ ఒక్కో పద్ధతిలో ఉండేవి. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే, పైకి కనిపించే ఆకారం మాత్రమే తెలుగు. కొన్నేళ్లకు ఆ కంప్యూటర్ పాడై ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిస్తే, పేజీల నిండా అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే కనిపించాయి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుసగా రాసుకునే యాక్సెషన్ రిజిస్టరును అటకెక్కించకుండా నా బీరువాలోనే ఉంచుకున్నాను కనుక జాబితా అంతా మళ్లీ రాసుకోగలిగాము. కాబట్టి తెలుగు ఎక్కడ టైపు చేసినా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే చెయ్యి. రిజిస్టర్లు ఎన్నడూ పారవేయకు.

రెండవది ఒత్తుల సంగతి. గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న కుర్రవాడు వచ్చి 'అర్థశాస్త్రం' అని సరిగానే వెతుకుతాడు. మన కేటలాగులో ఎవరో 'అర్ధశాస్త్రం' అని పొట్టలో చుక్క లేని ధకు ఒత్తు ఇచ్చి ఉంటారు. పుస్తకం ఆ విషయానికి ఇచ్చే 330వ అంకె దగ్గర అరలో కంటికి ఎదురుగానే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదని చెబుతుంది. కథలను కధలనీ, గ్రంథాన్ని గ్రంధమనీ రాసేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. అందువల్ల నువ్వు ఎక్కించే ప్రతి పేరునూ పుస్తకం అట్టతో ఒకసారి పోల్చి చూసుకో. పాఠకుడికి దొరకనప్పుడు రెండు విధాలుగానూ వెతికి చూపించు. యంత్రం లేదన్నంత మాత్రాన నువ్వు కూడా లేదని చెప్పి పంపవద్దు. లేచి వెళ్లి అర చూడు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని విషయం. ఇది మీ నాన్నకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

2011లో నేను చిత్తూరుకు దగ్గరలోని ఒక శాఖా గ్రంథాలయంలో పని చేస్తున్నాను. దాదాపు 12 కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి ఒక అమ్మాయి రోజూ వచ్చేది. డిగ్రీ ముగించింది, బి.ఎడ్. చేసి పంతులమ్మ కావాలని ఆశ. వాళ్ల నాన్న మామిడి తోటల్లో కూలికి వెళ్లేవాడు, ఇంట్లో ఫోన్ లేదు. ప్రవేశ పరీక్షలో ఆమెకు మంచి ర్యాంకే వచ్చింది. ఆ తరువాతి కౌన్సెలింగ్ అంతా ఇంటర్నెట్‌లోనే జరపాలి. అప్పటికి నేను కంప్యూటర్ కొత్తగా నేర్చుకున్నాను. నేర్చుకున్న విద్యతో ఎవరికైనా మేలు చేయాలన్న ఉత్సాహం, ఇప్పుడు నీకున్నట్లే, నాకూ ఉండేది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగవది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. ఆ అమ్మాయిని నేర్చుకోమని కూర్చోబెట్టడం కంటే నేనే చేసి పెడితే ఆమె సమయం మిగులుతుందని ఆ సూత్రానికి నేను అర్థం చెప్పుకున్నాను. మధ్యాహ్నం భోజన విరామంలో ఆమెను పక్కవీధిలోని ఇంటర్నెట్ సెంటరుకు తీసుకువెళ్లి, వివరాలన్నీ నేనే నింపాను. మొబైల్ నంబరు అడిగిన చోట నా నంబరు ఇచ్చాను. పాస్‌వర్డు నేనే పెట్టి, ఒక పుస్తకం చీటీ వెనుక రాసి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ అమ్మాయి నా కుర్చీ వెనుక నిలబడి, ఫోటోలూ జెరాక్సులూ ఉన్న ప్లాస్టిక్ కవరును రెండు చేతులతో పట్టుకుని ఉంది. తెర మీద ఏముందో ఆమెకు నా భుజం అడ్డు వచ్చి సరిగా కనిపించను కూడా లేదు.

ఆ తరువాతి వారంలోనే మీ నాయనమ్మకు ఆరోగ్యం చెడి తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చాము. తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. నా చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. దాని తెర పైన చిన్న కవరు బొమ్మ ఆగకుండా మినుకుమినుకుమనేది. చదవని సందేశాలు ఉన్నాయనడానికి గుర్తు కాబోలు అనుకున్నాను. లోపల చోటు నిండిపోయిందనీ, పాతవి తుడిచేదాకా కొత్త సందేశం ఒక్కటీ రాదనీ దాని అర్థమని నాకు తెలియదు. సెలవు ముగిసి తిరిగి వెళ్లిన ఉదయం ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే ఎదురై, "సార్, ఏమైనా మెసేజ్ వచ్చిందా?" అని అడిగింది. "రాలేదమ్మా, వస్తే నేను చెప్పనా?" అన్నాను. ఆమె నా మాట నమ్మి లోపలికి వెళ్లి పత్రికలు చదువుకుంది. మరో మూడు రోజులు గడిచాక, ఎందుకో మనసు నిలవక, ఆ చీటీ తీసుకుని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి తెరిచి చూస్తే, కళాశాలలు ఎంచుకునే గడువు అంతకు రెండు రోజుల ముందే ముగిసిపోయి ఉంది. నేను సెలవు నుంచి వచ్చేసరికే అది చివరి దశలో ఉందన్న మాట. ఆ ఉదయం ఆమెకు పాస్‌వర్డు తెలిసి ఉంటే, ఆమె తానే వెళ్లి చూసుకుని ఉండేది.

చెప్పినప్పుడు ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అయితే మళ్లీ ఏడాదా సార్?" అని మాత్రం అడిగి, కవరు తీసుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడాది నేను ఆ పల్లెకు వెళ్లి దరఖాస్తు పెట్టమని బతిమాలాను. ఇంట్లో పరిస్థితులు మారిపోయాయి, ఆమె పెట్టలేదు. పదవీ విరమణకు ముందు ఒకనాడు సాయంత్రం బస్టాండు దగ్గర, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బస్సు దిగుతూ కనిపించింది. ఆమే నన్ను గుర్తుపట్టి, దగ్గరికి వచ్చి, "బాగున్నారా సార్" అని పలకరించింది. తల్లీ, ఆ పలకరింపు ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

ఇందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, నొచ్చుకోకు. ఏ పాఠకుడి పనికీ నీ ఫోన్ నంబరు ఇవ్వవద్దు. ఎంత ప్రాధేయపడినా ఇవ్వవద్దు. వాళ్ల ఇంట్లో ఫోన్ లేకపోతే అన్నదో, మేనమామదో, రోజూ కలిసే మనిషి నంబరు తెచ్చుకోమను. పాస్‌వర్డు వాళ్ల చేతే పెట్టించి, వాళ్ల నోటుపుస్తకంలో వాళ్ల చేతే రాయించు, నువ్వు తల పక్కకు తిప్పుకో. ఓటీపీ వస్తే చదివి నీకు చెప్పనివ్వకు, వాళ్లనే టైపు చేయమను. తెర ముందు కుర్చీ పాఠకుడిది, నీ కుర్చీ పక్కన వేసుకో. ఒక్కొక్కరికి గంట పట్టవచ్చు, వరుసలో ఉన్నవాళ్లు విసుక్కోవచ్చు. అయినా మౌస్ నీ చేతిలోకి తీసుకోకు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నది ఈ జనమే, ఆ కుర్చీలో కూర్చునే హక్కు వాళ్లకుంది. గడువు తేదీని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి వాళ్లకు ఇవ్వు, నీ దగ్గర కూడా ఒక పుస్తకంలో ఎక్కించుకో. నువ్వు సెలవు పెడితే ఆ పుస్తకం ఎవరు చూడాలో ముందే చెప్పి వెళ్లు.

సాయంత్రం తలుపు వేసే ముందు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి, పాఠకుల ఆధార్, మార్కుల జాబితాల కాపీలు మిగిలి ఉంటే తుడిచి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. బ్రౌజరు పాస్‌వర్డు గుర్తుంచుకోనా అని అడిగితే వద్దను. దర్శనం టికెట్ల కోసం వచ్చేవాళ్లుంటారు. 300 రూపాయల టికెట్ ఇప్పిస్తామంటూ నకిలీ వెబ్‌సైట్లు పెట్టి మోసం చేసేవాళ్లున్నారు. చిరునామా చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోవడం అందరికీ నేర్పు. డబ్బు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించు. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్ము చేతులు మారిపోతుంది.

టైపు చేయలేని పెద్దవాళ్లకు ఫోన్‌లోని మైకు గుర్తు చూపించి, తెలుగులో మాట్లాడమను, అదే రాసుకుంటుంది. మీ దగ్గరికి తమిళం చదివేవాళ్లు కూడా వస్తారు కదా, వాళ్లకు కీబోర్డు భాష మార్చుకోవడం నేర్పు. కళ్లు కనిపించని పాఠకుడు ఒక్కడైనా ఉంటే, ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించు, అది తెర మీద ఉన్నది తెలుగులో కూడా చదివి వినిపిస్తుంది. నా ఉద్యోగకాలంలో అటువంటి పాఠకుడు ఒకాయన పత్రిక ఎవరు చదివి పెడతారా అని మధ్యాహ్నం దాకా బల్ల దగ్గర కూర్చునేవాడు. పని ఒత్తిడిలో నేను ఎన్నో రోజులు ఆయనకు చదివి పెట్టలేకపోయాను.

శిక్షణ ముగిసేసరికి రాత్రి అవుతుంది. చివరి బస్సు దాకా ఆగకుండా ముందు బస్సుకే బయలుదేరు, లేదా మన ఇంట్లోనే పడుకో. పగలంతా పుస్తకాలు, సాయంత్రమంతా తెర, కళ్లు జాగ్రత్త. టిఫిన్ డబ్బా మానేయవద్దని మీ పెద్దమ్మ నా పక్కన నిలబడి రాయిస్తోంది.

వచ్చే శుక్రవారం నీకు సెలవు కనుక ఉదయమే ఇక్కడికి రా. నా పింఛనుకు జీవన ధ్రువపత్రం ఏటా మీ అన్నయ్య తన ఫోన్‌లో తీసి పెడుతున్నాడు. ఈసారి నేనే చేసుకోవాలని ఉంది. నువ్వు పక్కన కూర్చుని చెబుతూ ఉండు, ఫోన్ మాత్రం నా చేతిలోనే ఉంటుంది. దారి తప్పితే నోటితో చెప్పు, నీ వేలు తెరకు తగలనివ్వకు. ఎంతసేపు పట్టినా సరే. నంబరు నాదే ఇస్తాను. పాత సందేశాలన్నీ గురువారం రాత్రికే తుడిచి ఉంచుతాను.

నీ
పెదనాన్న