టెక్ సందేహాలు: రాసిందెవరు, చెరిపిందెవరు?

ప్రశ్న: దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాం. ఐదుగురం, ఐదు ఊళ్లు. ఒక్కో పాఠాన్ని ఐదు ముక్కలుగా పంచుకుని గూగుల్ డాక్స్‌లో ఒకే ఫైల్లో నోట్స్ రాస్తున్నాం. మొన్న రెండు పేజీలు మాయమయ్యాయి. చెరిపిందెవరో హిస్టరీలో పేరు లేదు.

జవాబు: పేజీలు ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్లో ఫైల్ తెరిచి ‘ఫైల్’ మెనూలో ‘వెర్షన్ హిస్టరీ’, అందులో ‘సీ వెర్షన్ హిస్టరీ’ నొక్కండి. కుడిపక్కన తేదీలు, టైములు వస్తాయి. పేజీలు పోకముందు టైము మీద నొక్కి, కావాల్సినంత కాపీ చేసుకుని ఇప్పటి ఫైల్లో పేస్ట్ చేయండి. ‘రీస్టోర్’ జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆ తర్వాత మిగతావాళ్లు రాసింది కూడా వెనక్కి పోతుంది. (తొందరపడి నొక్కేసినా కంగారు లేదు, అదీ హిస్టరీలోనే ఉంటుంది.)

పేరు పడలేదంటే, ‘ఎనీవన్ విత్ ద లింక్’కు ఎడిటర్ హక్కు ఇచ్చి లింకును వాట్సాప్‌లో పడేసి ఉంటారు. లాగిన్ కాకుండా తెరిచినవాళ్లంతా అజ్ఞాతులే. ‘షేర్’లో దాన్ని ‘రెస్ట్రిక్టెడ్’ చేసి ఐదుగురి జీమెయిల్ ఐడీలూ చేర్చండి. ఇకమీదట పేర్లు పడతాయి, పాతవాటికి పడవు. ఒకరు రాసి పంపింది ఇంకొకరు పేస్ట్ చేస్తే పేస్ట్ చేసినవారి పేరే పడుతుందని మరవొద్దు. ‘మేక్ ఎ కాపీ’ కొడితే పాత హిస్టరీ కాపీలోకి రాదు.

అన్నట్టు, ముక్కలు రాసి అతికించుకుంటే పని పంచుకున్నట్టే గానీ కలిసి చదివినట్టు కాదు. పరీక్షలో ఐదో ముక్కే వస్తే నలుగురూ తెల్లమొహం వేయాల్సిందే. 1971లో సైకాలజిస్టు ఎలియట్ అరాన్సన్ అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతిలోనూ ముక్కలు పంచుతారు. కాకపోతే ఎవరి ముక్క వాళ్లు మిగతావాళ్లకు నేర్పాలి. మీరైతే ఒకరి ముక్క మీద పక్కవారు రెండు ప్రశ్నలు కామెంట్‌గా పెట్టండి. కామెంట్‌లో @ కొట్టి ఐడీ రాస్తే ‘అసైన్’ పెట్టె వస్తుంది. అందులో టిక్ పెడితే ఆ పని వారిదే. జవాబు కామెంట్‌లో కాదు, నోట్స్‌లోనే రాయాలి. దిద్దుబాట్లకు ‘సజెస్టింగ్’ మోడ్ వాడితే, ఒప్పుకునేదాకా అసలు మాట అలాగే ఉంటుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో మా విద్యార్థులకు గ్రూప్ అసైన్‌మెంట్ ఇచ్చాను. ఏ గ్రూపులోనూ లేని ఇద్దరు కూడా సబ్మిట్ చేసేశారు. పైగా గ్రూపులో అందరికీ ఒకే మార్కులు పడుతున్నాయి.

జవాబు: గ్రూపు లేనివాళ్లందరినీ మూడుల్ ఒక డిఫాల్ట్ గ్రూపుగా కట్టేస్తుంది. అసైన్‌మెంట్ సెట్టింగ్స్‌లో ‘రిక్వైర్ గ్రూప్ టు మేక్ సబ్మిషన్’కు ‘ఎస్’ పెట్టండి. మార్కులు వేసే పేజీలో గ్రూపు మొత్తానికి వర్తింపజేసే ఆప్షన్‌కు ‘నో’ పెడితే ఎవరివి వాళ్లకు వేయొచ్చు. ‘స్టూడెంట్స్ సబ్మిట్ ఇన్ గ్రూప్స్’ ఒక్కటీ ముందే చూసుకోండి, తొలి సబ్మిషన్ పడ్డాక అది మారదు.