మనవడు ఏఆర్‌టీ మాత్రలు దాచేస్తున్నాడు.. జబ్బు పేరు చెప్పాలా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు హెచ్‌ఐవీతో చనిపోయారు. పదేళ్ల మనవడికి కూడా ఉంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్‌లో ఇచ్చే మందులను బలం మాత్రలని చెప్పి వేయిస్తున్నాను. కొన్ని నెలలుగా మింగినట్టు నటించి పరుపు కింద దాస్తున్నాడు. ఈసారి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 14,000 వచ్చింది. బరువు 22 కిలోలు. వాడి అక్కకు 13 ఏళ్లు, బాగానే ఉందని పరీక్ష చేయించలేదు. నాకు 66 ఏళ్లు. వాణ్ని హాస్టల్లో వేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, ఈ రిపోర్టును బట్టి మందు పనిచేయడం లేదని అప్పుడే అనుకోకండి. మాత్ర కడుపులోకి వెళ్లనప్పుడు వైరస్ పెరగడం సహజం. వైరల్ లోడ్ వెయ్యి దాటితే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలింగ్ ఇచ్చి, మూడు నెలలు మాత్రలు సక్రమంగా వేయించి, మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ తగ్గకపోతేనే మందులు మార్చే విషయం ఆలోచిస్తారు. సక్రమంగా అంటే నెలలో ఒక్క పూట కంటే ఎక్కువ తప్పకూడదు. దాచిన మాత్రలను కూడా కౌన్సెలర్‌కు చూపించండి; ఎన్ని తప్పాయో తెలిస్తేనే ఆ రిపోర్టును సరిగ్గా అర్థం చేసుకోగలరు.

ఇక అసలు చిక్కు బలం మాత్రలన్న మాటలోనే ఉంది. బడిలో తోటివాళ్లతో సమానంగా పరుగెత్తే పిల్లవాడు, బలంగానే ఉన్న తాను మాత్రమే రోజూ ఇవి ఎందుకు మింగాలని ప్రశ్నించుకోవడంలో తప్పులేదు. పైగా ఈ వయసు పిల్లలు పెద్దవాళ్ల గుసగుసలను, సెంటర్ గోడల మీది పోస్టర్లను గమనించి సగం విషయం తామే ఊహించుకుంటారు. బడి వయసు పిల్లలకు తమ జబ్బు సంగతి తెలియజేయాలని, అంతకంటే చిన్నవారికి వయసుకు తగినట్టు కొద్దికొద్దిగా చెబుతూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. కాబట్టి చెప్పాలి, అయితే అంతా ఒక్కరోజే కాదు. ముందుగా ‘నీ రక్తంలో ఒక క్రిమి ఉంది నాన్నా, మాత్ర వేసుకుంటే అది నిద్రపోతుంది, మానేస్తే లేస్తుంది’ అని చెప్పి, వాడు అడిగే ప్రశ్నలకు అబద్ధం లేకుండా జవాబివ్వండి. కొన్ని వారాల తర్వాత, కౌన్సెలర్ సమక్షంలో, జబ్బు పేరు చెప్పవచ్చు. అది పుట్టుకతో వచ్చిందనీ, తన తప్పు గానీ అమ్మ తప్పు గానీ లేదనీ అదే రోజు చెప్పడం మరవకండి. తల్లి ప్రస్తావన వచ్చినప్పుడు వాడు ఏడిస్తే ఆపకండి. ఇంతకాలం ఆ దుఃఖం గురించి మాట్లాడే అవకాశం వాడికి దొరికి ఉండదు. తెలిసిన తర్వాత బయట ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పనక్కర్లేదో కూడా నేర్పాలి.

మాత్రను రాత్రి అన్నం తిన్న వెంటనే మీ ఎదురుగా వేయించి, నీళ్లు తాగాక కాసేపు కబుర్లు చెప్పండి. పిల్లలకు ఈ మందుల మోతాదు బరువును బట్టి మారుతుంది కనుక వెళ్లిన ప్రతిసారీ తూయించండి. మీవాడి మందుల్లో డోలుటెగ్రావిర్ ఉంటే, బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను గానీ కాల్షియం మాత్రను గానీ దానితో కలిపి పరగడుపున వేయకండి, మందు ఒంటికి సరిగా పట్టదు. పదేళ్లకు 22 కిలోలు తక్కువే. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు లక్షణాలు లేకపోయినా సుమారు పది శాతం, బరువు పెరగకపోతే ఇరవై నుంచి ముప్పై శాతం ఎక్కువ ఆహారశక్తి కావాలి. గుడ్డు, పప్పు, వేరుశనగలు, అన్నంలో ఒక చెంచా నూనె చాలు; ఖరీదైన టానిక్ డబ్బాల కోసం అప్పు చేయవద్దు.

అక్కకు తప్పకుండా పరీక్ష చేయించండి. పుట్టుకతో వైరస్ సోకిన పిల్లల్లో కొందరు పదేళ్లు దాటేవరకు ఏ లక్షణమూ లేకుండా ఉంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం)లో ఇది ఉచితం.

హాస్టల్ విషయంలో మీ బంధువుల మాటతో నేను ఏకీభవించను. ఇప్పటికే మాత్రలు దాస్తున్న పిల్లవాణ్ని, రోజూ ఎవరు వేయిస్తారో, మందులు ఎక్కడ భద్రపరచుకోవాలో తెలియని చోటికి పంపితే పరిస్థితి మరింత దిగజారుతుంది. పిల్లలను సంస్థల్లో చేర్చడం చివరి మార్గంగానే ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా చెబుతోంది. డబ్బు ఇబ్బందే కారణమైతే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. బంధువుల వద్ద పెరుగుతున్న అనాథ పిల్లలకు ఈ పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. హెచ్‌ఐవీ ఉందని బడిలో చేర్చుకోకపోవడం గానీ, వేరుగా కూర్చోబెట్టడం గానీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. కలిసి తిన్నా, ఆడుకున్నా ఇది సోకదు కాబట్టి హెడ్‌మాస్టర్‌కు చెప్పి తీరాలన్న నిర్బంధమూ లేదు.

అదే చట్టం, ఇంటి బాధ్యతలు చూసుకుంటున్న 12 ఏళ్లు నిండిన తోబుట్టువు తమ్ముడికో చెల్లెలికో చికిత్స, బడి ప్రవేశం వంటి విషయాల్లో సంరక్షకులుగా వ్యవహరించవచ్చని చెబుతోంది. చట్టం ఒప్పుకున్నా, మీరున్నంతకాలం ఆ భారాన్ని పదమూడేళ్ల పిల్ల మీద వేయకండి. నమ్మకమైన బంధువు ఒకరిని ఇప్పటినుంచే మందుల రోజున మీ వెంట సెంటర్‌కు తీసుకెళ్లి కౌన్సెలర్‌కు పరిచయం చేయండి.

దగ్గు లేదా జ్వరం తగ్గకపోయినా, బరువు తగ్గినా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నట్టు తెలిసినా వచ్చే నెల తేదీ కోసం ఆగకుండా వెంటనే చూపించండి. సెంటర్‌కు వెళ్లిన రోజే అక్కడి ఓపీలో మీ బీపీ, షుగర్ కూడా పరీక్ష చేయించుకోండి.