‘ఇప్పుడే వస్తా’ అనడం మానేశాను

వార్డులో నర్సుగా చేరి రెండేళ్లయిందన్నారు. షిఫ్టుకి పద్నాలుగు మంది పేషెంట్లు. నిన్న ఒకావిడ కూతురు “మీకు మనసన్నదే లేదా సిస్టర్?” అనేసిందట. ఇంత పనిలో ఆ ఓపిక, ఆ దయ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి అని మీ ప్రశ్న. నాకు ఈ పనిలో పదిహేడేళ్లు. ఆ మాట నేనూ పడ్డాను, ఒక్కసారి కాదు.

ముందు ఒక నైట్ డ్యూటీ సంగతి చెప్తాను. సర్జరీ వార్డు. కిటికీ పక్క మంచం మీది పెద్దాయన గంట కొడుతూనే ఉన్నాడు. అప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ఇంకొకామెకి బీపీ పడిపోతోంది, నేను ఆమె దగ్గరున్నాను. మూడుసార్లు గుమ్మంలోంచే “ఇప్పుడే వస్తా తాతగారూ” అని అరిచి వెళ్లిపోయాను. నాలుగోసారి చిరాగ్గా వెళ్లి “ఏం కావాలి?” అన్నాను. “టైమెంతమ్మా?” అన్నాడు. అంతే. ఎదురు గోడకి గడియారం ఉంది. ఆయన కళ్లజోడు తీసి సొరుగులో పెట్టింది మేమే. పొద్దున ఆరింటికి ఆపరేషన్ అని చెప్పిందీ మేమే. ఆరు ఎంత దూరంలో ఉందో తెలీక ఆ మనిషి చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

కళ్లజోడు చేతికిచ్చాను. రెండూ ఇరవై అయింది, మూడింటికి బీపీ చూడ్డానికి వస్తాను అన్నాను. మూడింటికి వెళ్లాను. మధ్యలో గంట మోగలేదు.

జబ్బుమనిషితో మాట్లాడేటప్పుడు కూర్చోండి, తొందర కనపడనివ్వకండి, వెనకనుంచో గుమ్మంలోంచో మాట్లాడకండి అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసిపెట్టింది. ఆ రాత్రి తర్వాత ఎప్పుడో అది చదివితే చెంప చెళ్లుమన్నట్టయింది. అప్పట్నుంచీ ‘ఇప్పుడే వస్తా’ అనను. అది అబద్ధమని మనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. “పావుగంట పడుతుంది, నొప్పి పెరిగితే మళ్లీ కొట్టండి” అంటాను. పావుగంటలో వెళ్లలేకపోతే పక్కనున్న వాళ్లనైనా పంపి ఆ మాటే చెప్పిస్తాను.

దయ చూపించడానికి వేరే టైమ్ దొరకదండీ. దొరుకుతుందని ఎదురుచూస్తూ నేను మొదటి ఐదారేళ్లు గడిపేశాను. చేసే పనిలోనే చిన్న చిన్న ఖాళీలున్నాయి. క్యాన్యులా (నరంలోకి సెలైన్, మందులు ఎక్కించే సన్నగొట్టం) పెట్టేముందు చర్మానికి రాసిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు ఆరడానికి ఓ 30 సెకన్లు ఆగాలి కదా? చేతులకి శానిటైజర్ రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు. ఆ రుద్దుకోవడమేదో మంచం పక్కనే, మొహం చూసి మాట్లాడుతూ చేస్తాను. ఊపిరి లెక్కపెట్టే నిమిషం ఇంకా నయం. మనం లెక్కపెడుతున్నామని తెలిస్తే శ్వాస మారిపోతుందని, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఛాతీ గమనిస్తాం. అంటే నిండు నిమిషం ఆ చెయ్యి మన చేతిలోనే ఉంటుంది. మూడు వేళ్లతో నొక్కి వదిలెయ్యకుండా అరచెయ్యి కూడా ఆనించండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంత కొంచెంతో ఏమవుతుందనిపిస్తుంది. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు మహిళలకి డాక్టరు రొమ్ము క్యాన్సర్ చికిత్స గురించి వివరించే వీడియో చూపించారు. వాళ్లలో కొందరు చూసిన వీడియోలో ధైర్యం చెప్పే మాటలు ఓ 40 సెకన్లు ఎక్కువున్నాయి. అది చూసినవాళ్లకి ఆందోళన తగ్గింది. నలభై సెకన్లు మన దగ్గరా ఉంటాయి.

ఒకచోట మాత్రం నేను మొండిదాన్ని. సిరంజిలోకి ఇన్సులిన్ లాగుతున్నప్పుడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లెక్క సరిచూస్తున్నప్పుడు ఎవరు పలకరించినా జవాబివ్వను. పొగరనుకున్నా సరే. అక్కడ నవ్వుతూ మాట్లాడి డోసు తప్పితే ఆ నవ్వు ఎవరికి కావాలి?

ఇవేవీ పనిచేయని రోజులూ ఉంటాయి. ఎవరు ఏడ్చినా లోపల ఏమీ కదలదు. దీనికి కంపాషన్ ఫటీగ్, అంటే దయ చూపించి చూపించి అలసిపోవడం, అని పేరుంది. 1992లో క్యార్లా జాయిన్సన్ అనే ఆవిడ ఎమర్జెన్సీ నర్సుల గురించి రాస్తూ ఆ మాట వాడింది. నాకు అది ముందు నోట్లో తెలుస్తుంది: షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లని అప్పజెప్పే హ్యాండోవర్‌లో పేర్లు పోయి “ఏడో బెడ్ మళ్లీ మొదలెట్టింది” లాంటివి వచ్చేస్తాయి. అలా విన్నానంటే ఆ ఒక్క పేషెంట్‌ని ఆ పూటకి తోటి నర్సుకి ఇచ్చి ఆమె పేషెంట్‌ని నేను తీసుకుంటాను. సిగ్గుపడటం మానేశాను.

పద్నాలుగు మందికి ఒక్కరు అన్నది మాత్రం మీ మనసుకి సంబంధించిన లోపం కాదు. ఏ తేదీన ఎంతమంది ఉన్నారు, ఏ మందు ఎంత ఆలస్యమైంది, రాసి ఇంచార్జికి ఇవ్వండి. నోటిమాటగా చెప్తే గాలికి పోతుంది.

ఇక ఆ కూతురు. రేపు కనబడితే తప్పుకుని వెళ్లకండి. నన్ను అలా అన్న ఒకావిడతో మర్నాడు నేను ఇంతే అన్నాను: “నిన్న మీ అమ్మగారి దగ్గరకి రావడం ఆలస్యమైంది. మీకు కోపం రావడంలో తప్పులేదు. ఆవిడకి రాత్రిపూట దేనికి ఇబ్బందవుతోందో చెప్పండి.” కారణాలు ఏకరువు పెట్టలేదు. ఆవిడ కాసేపు పలకలేదు. తర్వాత, అమ్మకి ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి పిలవండి అంది. మూడు రోజులుగా మేమంతా ఎడమవైపు నుంచే పిలుస్తున్నాం. కేస్ షీట్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. అక్కడే నిలబడి రాశాను.